గంధకపు రేణువులు, వెలుగు చెప్పిన లెక్క



మన ఇందూరు సీమలో చక్కెర యనగానే బోధను, బోధను అనగానే శక్కరునగరము జ్ఞప్తికి వచ్చును. మంజీరానదిపై 1931లో నిజాంసాగరు పూర్తికాగా, ఆ కాలువల నీటితో చెరకు విస్తరిల్లెను. 1937లో నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. చెరకుబండ్ల బారులను మీలో పలువురు చూచియే యుందురు. అయితే తెల్లని చక్కెర వెనుక పచ్చని గంధకమున్నదని ఎందరెరుగుదురు? మన దేశపు చక్కెర కర్మాగారములలో పెక్కింట గంధకమును కొలిమిలో కాల్చి, ఆ ఘాటైన వాయువును సున్నపుపాలు కలిపిన చెరకురసములోనికి పంపుదురు. మడ్డి పేరుకొని అడుగంటును, రసము తేటపడును.

ఆ గంధకమే మరియొక చోట, మరియొక రూపమున, వెలుగు నడకను గూర్చిన రహస్యమొకటి విప్పినది. నేడు నేను చెప్పబూనినది ఆ కథ.

ఫోటోలు కడుగువారు హైపో అను లవణమును వాడెడివారు. దానిని నీట కరగించి కొంచెము ఆమ్లము చేర్చినచో వెంటనే ఏమియు కనబడదు. కొంతసేపటికి ఆ తేటనీట గంధకము మిక్కిలి సన్నని రేణువులై పుట్టును. అవి వెంటనే అడుగునకు దిగక నీటిలో నిలిచియుండును. ఇట్టి ద్రవమును మన శాస్త్రగ్రంథకర్తలు కాంజికాభమనిరి. పాశ్చాత్యులు గ్రీకుభాషలో జిగురును తెలుపు మాటనుండి కొల్లాయిడు అను పేరు కల్పించుకొనగా, మనవారు కాంజికమును, అనగా పులిసిన గంజిని, తలచుకొనిరి. నాకు మన పేరే సొగసుగా తోచును. గంజి నెరుగని ఇల్లు తెలుగుదేశమున నున్నదా?

సన్నని రేణువులపై పడిన వెలుగు నలుదెసలకు చెదరునని, ఆ చెదరిన వెలుగు నీలముగా నుండునని 1869లో టిండాలు చూపెను. 1871లో రాలే దానికి గణితము కట్టెను. అయితే రేణువు పెరిగి, వెలుగు తరంగపు పొడవుతో సరితూగునంతటిదైనప్పుడు ఏమగును? ఈ ప్రశ్నకు గంధకమే తగిన సాక్షి యయ్యెను. ఏలయన అది మన కన్నుల యెదుటనే పెరుగును.

ఇచ్చట మన తెలుగునాటికి చుట్టరికము గల యొకరిని స్మరింపవలెను. చంద్రశేఖర వేంకటరామను జన్మచే తమిళుడైనను, బాల్యమున విశాఖపట్టణమున చదువుకొనినవాడు. ఆయన తండ్రి అచ్చటి ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకుడు. రామను కలకత్తాలో ఆచార్యుడై యున్నప్పుడు, 1921లో, బిధుభూషణ రాయితో కలిసి గంధక ద్రవముగుండ సాగివచ్చు వెలుగు రంగులను గూర్చి లండను రాయలు సొసైటీ పత్రికలో వ్యాసము ప్రకటించెను. రేణువులు పెరుగుకొలది ద్రవముగుండ చూచిన దీపము మొదట పసుపై, నారింజవన్నెయై, ఎరుపై, తుదకు ఇంచుమించు కనుమరుగగును. వింత యేమనగా, అది మరల తోచును! ఈ మారు నీలిరంగుతో మొదలై, ఆకుపచ్చ కలసిన నీలముగా, పచ్చగా మారుచు వచ్చును. రామను పేరిట ప్రఖ్యాతమైన ఫలితము 1928 నాటిది. వెలుగు చెదరుటను గూర్చిన ఆయన తపస్సు అంతకు ముందే సాగుచుండెనని దీనివలన తెలియును.

నేను తెలుగు పండితుడనే కాని శాస్త్రోపాధ్యాయుడను కాను. నిజామాబాదులో పనిచేయు కాలమున సైన్సు మాస్టరుగారు చీకటిగదిలో గాజుతొట్టి పెట్టి ఈ ప్రయోగము పిల్లలకు చూపుచుండగా, నేను వెనుక బల్లపై కూర్చుండి చూచితిని. గోడపై పడిన దీపబింబము సంజసూర్యునివలె ఎర్రబారగా పిల్లలు కేకలు వేసిరి. ప్రబంధములలో సంధ్యావర్ణనలు ఎన్నో పాఠము చెప్పితిని గాని, సంజను తొట్టిలో చూచుట నాకదియే మొదలు.

అయితే శాస్త్రజ్ఞులకొక చిక్కుండెను. ద్రవములో పెద్దరేణువులు, చిన్నరేణువులు కలిసియున్నచో ఒకదాని రంగు మరియొకదాని రంగును చెరచును. 1908లో జర్మను పండితుడు మీ కట్టిన గణితమును సరిచూడవలెనన్న, రేణువులన్నియు ఒకే కొలతలో నుండవలెను. ఇది సాధించినవాడు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన విక్టరు లామరు. బార్న్సు అనునాతనితో కలిసి 1946లో ఆ విధానమును ప్రకటించెను. అందలి కిటుకు తొందరపడకుండుటయే. లీటరు నీటికి సుమారు అరగ్రాము హైపో, అంతే పలుచనైన ఆమ్లము. ఇక గంటలకొలది వేచియుండుట. గంధకము మెల్లమెల్లగా పుట్టి నీటిలో కరగియుండును. హద్దు మీరినంతనే ఒక్కసారిగా బీజములు ఏర్పడును. అంతటితో కరగిన గంధకము తగ్గి, క్రొత్త బీజములు పుట్టుటకు చాలదు. ఉన్నవి మాత్రము సమముగా పెరుగును. 1950లో డైనెగరుతో కలిసి లామరు ఇచ్చిన వివరణ మిదియే. ఒకనాడు నాటిన మడి ఒక్క యెత్తున పెరుగును. విడతలుగా నాటినది హెచ్చుతగ్గులై పోవును. రైతున కింతకంటె చెప్పనేల? కావలసిన కొలతకు రాగానే అయోడిను చేర్చినచో, మిగిలిన హైపో ఖర్చై పెరుగుదల నిలిచిపోవును.

ఇట్టి ద్రవముపై తెల్లని వెలుగు ప్రసరింపజేసి, పాత్ర చుట్టును అర్ధచంద్రాకారముగా నడచుచు చూచినచో, ఎరుపు, ఆకుపచ్చ మార్చి మార్చి కనబడును. రేణువు పెద్దదైన కొలది ఎరుపు ఎక్కువ మారులు తోచును. మిల్లీమీటరులో వేయవవంతునకు మించని రేణువుల కొలత, ఎరుపులను లెక్కించినచో తేలును! రెండవ ప్రపంచయుద్ధమున పొగతెరలను గూర్చి సింక్లెయరుతో కలిసి శోధించునపుడును లామరునకు ఒకే కొలత గల నూనెతుంపరలే కావలసివచ్చెను.

ఇప్పుడు మరల బోధనుకు రండు. చక్కెర వండు పెద్దపాత్రల యొద్ద నిలుచు పనివానికి ఈ సూత్రము చేతిలోనే యుండును. పాకము సరియైన చిక్కదనమునకు రాగానే రవ్వ కట్టించును. ఆపైన క్రొత్త రవ్వ పుట్టనీయక ఉన్నదానినే పెంచును. పాకము హద్దు మీరినచో దుమ్మువంటి సన్నరవ్వ పుట్టి, మడ్డి వేరుచేయు యంత్రముల జల్లెడలను మూయును, చక్కెర నష్టమగును. లామరు గణితముతో చెప్పినదానిని ఆ పనివారు వ్రేళ్ల నడుమ పాకము రుద్ది, గాజుపలకపై వెలుగున కెత్తి చూచి తెలిసికొనెడివారు. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినది. యంత్రములను మరల తిప్పవచ్చును గాని, ఆ వ్రేళ్ల తెలివి ఏ గ్రంథమునను వ్రాసి పెట్టబడలేదు. నేటికిని ఆ పని చేసినవారు మీ యూళ్లలో నున్నచో, మనుమలను ప్రక్కన కూర్చుండబెట్టి చెప్పించుడు.

ప్రయోగము చూడగోరువారు ఉపాధ్యాయుని సహాయముతో, కిటికీలు తెరచియుంచి చేయవలెను. గంధకముతోపాటు ఊపిరిని కుట్టు వాయువును పుట్టును. దీపమునకెదురుగా నిలిచిన సంజరంగులు, ప్రక్కగా నిలిచిన మొదట నీలిచాయ కనబడును.