సిక్లిడ్ చేపలు - వాని ఇరుగు పొరుగు

మెహిదీపట్నం నుండి ఆరాంఘర్ వరకు స్తంభాలమీద సాగే పి.వి. నరసింహారావు మార్గం మీదుగా శంషాబాదు విమానాశ్రయానికి పోయేవారికి రాజేంద్రనగర్ ప్రాంతంలో ఒక వింత కట్టడం కనబడుతుంది. అచ్చంగా చేప ఆకారంలో కట్టిన భవనం అది. 2006లో ఏర్పడిన జాతీయ మత్స్యాభివృద్ధి మండలి కార్యాలయం 2012 నుండి అందులోనే ఉన్నది. తినే చేపల పెంపకంతోపాటు అలంకారం కోసం పెంచే చేపల పరిశ్రమను ప్రోత్సహించడం కూడ ఆ మండలి పనులలో ఒకటి. ఆ చేపలలో జనాన్ని ఎక్కువగా ఆకర్షించేవి, ఎక్కువగా ఇబ్బంది పెట్టేవీ కూడ సిక్లిడ్ కుటుంబానికి చెందిన పెద్దచేపలే.

ఇబ్బంది ఎట్లా వస్తుందో చెబుతాను. దుకాణంలో ఆస్కార్ అనే చేపపిల్ల వేలెడు పొడవుంటుంది. దానిని కొని, రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లతో కలిపి వదలుతారు. ఆ తొట్టెలో పట్టే నీరు లెక్కకు సుమారు 57 లీటర్లు. బాగా మేపితే ఏడాది తిరిగేసరికి ఆస్కార్ 25 సెంటీమీటర్లు దాటుతుంది. పూర్తిగా ఎదిగితే 30కి పైనే. ఈలోగా గోల్డ్‌ఫిష్‌లు ఒక్కొక్కటే మాయమవుతాయి. నోట పట్టినది తిండి, పట్టనిది శత్రువు అన్నట్లుగా ఉంటుంది దాని వ్యవహారం. చివరకు విసిగి, ఆ చేపను బకెట్‌లో వేసుకుపోయి దగ్గరి చెరువులో వదిలేవారు కద్దు. ఇది చిన్న విషయం కాదు. రాజేంద్రనగర్‌కు చేరువనే ఈసీ నది మీద 1927లో పూర్తి అయిన హిమాయత్‌సాగర్ ఉన్నది. 1908 నాటి మూసీ వరదల తరువాత నగర రక్షణకు, తాగునీటికి కట్టిన జలాశయం అది.

సిక్లిడ్‌లకు ఇంత పట్టుదల ఎందుకు? ఈ కుటుంబంలో ఇంతవరకు వర్ణించిన జాతులే 1,700కు మించి ఉన్నాయి. ఎక్కువ భాగం ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలోనివి. అనేక చేపలు గుడ్లు నీటిలో వదలి తమ దారిన తాము పోతాయి. సిక్లిడ్‌లు అట్లా పోవు. చాలా జాతులలో ఆడ మగ జతకట్టి, ఒక రాయినో ఆకునో శుభ్రం చేసి, గుడ్లు అంటించి, పిల్లలు ఈదేదాకా కాపలా కాస్తాయి. కాపలా అంటే హద్దు, హద్దు అంటే తగవు. కనుక తొట్టెలో మనం చూసే పోట్లాట కేవలం దుష్టస్వభావం కాదు. సంతాన రక్షణలోని అవతలి పార్శ్వం.

మన దేశపు సహజమైన సిక్లిడ్‌లు మూడే. అవన్నీ దక్షిణాదివే. వానిలో పెద్దది ఎట్రోప్లస్ సురటెన్సిస్. దీనినే మలయాళులు కరిమీన్ అంటారు. కేరళ ప్రభుత్వం 2010లో దీనిని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మన పులికాట్ సరస్సులోనూ ఇది దొరుకుతుంది. రెండవది పసుపు, నారింజ రంగుల మేళవింపుతో అరచేతిలో ఇమిడే చిన్నచేప, ఆరెంజ్ క్రోమైడ్. పాత పుస్తకాలలో దీని పేరు ఎట్రోప్లస్ మాకులేటస్. ఇప్పటి వర్గీకరణలో సూడెట్రోప్లస్ మాకులేటస్. మూడవది కన్నడ తీరపు నదులకు పరిమితమైన కానరెన్సిస్. మొదటి రెండింటికి శాస్త్రీయనామాలు పెట్టినవాడు బెర్లిన్ వైద్యుడు మార్కస్ బ్లాక్. 1790లో పెద్దదానికి, 1795లో చిన్నదానికి. విచిత్రమేమంటే, ఆయన ఆ రెండింటినీ సముద్రపు సీతాకోకచిలుక చేపల సరసన కీటొడాన్ అనే ప్రజాతిలో చేర్చాడు. ఆస్కార్‌కు కూడ ఇదే గతి పట్టింది. బ్రెజిల్ నుండి వచ్చిన నమూనాను 1831లో వర్ణించిన లూయీ అగాసీ దానిని సముద్రచేప అనుకొన్నాడు. నిలువ చేసిన కళేబరాన్ని చూసి, అది బ్రతికిన నీటిని ఊహించడం అంత సులభం కాదు మరి.

బ్రతికిన చేపను గాజు వెనుక నిలిపి చూడడం 19వ శతాబ్ది మధ్యలో మొదలైంది. లండన్ జంతుశాలలో 1853లో మత్స్యశాల తెరిచారు. మన వైపున, 1909లో మద్రాసు సముద్రతీరాన మత్స్యప్రదర్శనశాల వెలసింది. మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్‌స్టన్ దాని వెనుక ఉన్నాడు. ఐరోపాలో ఇంటి తొట్టెలు పెంచేవారు అప్పటికే వేడిదేశాల చేపలను తెప్పించుకోసాగారు. మన ఆరెంజ్ క్రోమైడ్ కూడ ఆ ఓడలు ఎక్కింది. ఆ ప్రయాణం శాస్త్రానికి ఎంతో మేలు చేసింది.

ఆస్ట్రియా దేశస్థుడు కోన్రాడ్ లోరెన్జ్ జంతువుల ప్రవర్తనను పరిశీలించి, 1973లో నోబెల్ బహుమానం పంచుకొన్నవాడు. కలహశీలతపై 1963లో వెలువరించిన గ్రంథంలో ఆయన సిక్లిడ్‌ల కాపురాలను ప్రస్తావించాడు. వానిలో మన ఆరెంజ్ క్రోమైడ్ కూడ ఉన్నది. అనేక చేపలున్న తొట్టెలో ఒక జంట హాయిగా కాపురం చేస్తుంది. ఆ జంటకు ‘శాంతి’ కలిగిద్దామని మిగిలిన చేపలను తీసివేస్తే, కొద్దికాలానికే మగచేప తన సహచరి మీద పడుతుంది. ఒక్కొక్కప్పుడు చంపేదాకా పోతుంది. తిట్టడానికి పొరుగువాడు లేకపోతే ఇంట్లోవారి మీద విరుచుకుపడే పెద్దమనిషిని మనం ఎరుగుదుము గదా! దీనికి లోరెన్జ్ చెప్పిన చికిత్స సులభం. తొట్టె మధ్య గాజుపలక నిలిపి, అవతల మరొక జంటను ఉంచాలి. రెండు మగచేపలూ పలకకు ఇటూ అటూ నిలిచి హుంకరించుకొంటాయి. ఎవరికీ దెబ్బ తగలదు. రెండు కాపురాలూ నిలుస్తాయి.

ఆనీ రాసా అనే పరిశోధకురాలు ఇదే సమస్యను ఆరెంజ్ క్రోమైడ్‌ల మీద క్రమబద్ధంగా పరిశీలించి, జంటను ఒంటరిగా ఉంచితే సంతానాభివృద్ధి ఎట్లా దెబ్బతింటుందో 1969లో ప్రచురించింది.

లోరెన్జ్ చూసిన దృశ్యం నిజమే. ఆయన చెప్పిన కారణం మాత్రం వివాదాస్పదమైనది. మూత వేసిన కుండలో ఆవిరి పెరిగినట్లు జంతువులో కోపం తనంతట తానే పోగవుతుందనీ, దానికి ఏదో ఒక దారి చూపక తప్పదనీ ఆయన భావించాడు. ప్రేరణను ఇట్లా నిలువ ఉండే శక్తిగా ఊహించడం సరికాదని కేంబ్రిడ్జ్‌కు చెందిన రాబర్ట్ హైండ్ 1960లోనే విమర్శించాడు. ఎదుట ఉన్న ఉద్దీపన, గత అనుభవం, హార్మోనుల స్థితి - వీని లెక్క చూడకుండ ఒక్క కుండతో అంతా వివరించలేము. చేపల నుండి మానవ సమాజానికి లోరెన్జ్ వేసిన గంతు నాకూ ఒప్పుదల కాదు. కాని తొట్టెలో ఎవరిని పక్కన పెట్టాలి అనే ప్రశ్నకు శాస్త్రీయమైన గౌరవం వచ్చినది ఈ చర్చవల్లనే.

ఈ కథలో ఇంకొక అందమైన ఘట్టం ఉన్నది. శ్రీలంక జలాలలో మన రెండు ఎట్రోప్లస్‌లూ కలిసి నివసిస్తాయి. రిచర్డ్ వైమన్, జాక్ వార్డ్ 1972లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, చిన్నదైన ఆరెంజ్ క్రోమైడ్ పెద్దదైన కరిమీన్ శరీరాన్ని శుభ్రం చేస్తుంది. పరాన్నజీవులను ఏరి తింటుంది. పెద్దచేప కదలక నిలిచి చేయించుకొంటుంది. సముద్రపు పగడపు దిబ్బలలో ఇట్టి సేవ చేసే చేపలు ప్రసిద్ధం. సిక్లిడ్‌లలో ఇది అరుదు. హద్దుకోసం పోరాడే కుటుంబంలోనే ఇట్టి పొత్తు కూడ ఉన్నది. పైగా ఆరెంజ్ క్రోమైడ్ పిల్లలు తల్లిదండ్రుల ఒంటిమీది జిగురును కొరికి తింటాయి. దీనిని వార్డ్, జార్జ్ బార్లో కలిసి 1967లో వర్ణించారు.

ఈ బార్లో కాలిఫోర్నియాలో సిక్లిడ్‌లకే జీవితం అంకితం చేసిన ఆచార్యుడు. ఆయనకు ప్రయోగశాలలో ఒక చిక్కు వచ్చింది: ఒంటరిగా ఉంచిన పెద్ద సిక్లిడ్‌లు మనిషి నీడ పడితే చాలు, రాళ్ళ చాటున నక్కేవి. పై నీటిలో తిరుగాడే చురుకైన చిన్నచేపల గుంపును వదిలితే అవి ధైర్యంగా బయటికి వచ్చేవి. పైన చేపలు నిర్భయంగా తిరుగుతున్నాయంటే ఆపద లేదన్నమాట! ఈ ఉపాయాన్ని ఆయన 1968లో ప్రచురించాడు. చేపలు పెంచేవారు నేటికీ అదే పాటిస్తున్నారు. ఆస్కార్‌కు తోడుగా గుండ్రని, పలుచని సిల్వర్ డాలర్ చేపలను గుంపుగా పెట్టడం ఆ వరుసలోదే. అవి ఆస్కార్ నోట పట్టవు, రూపంలో దానిని పోలవు, నేలమీది రాయికోసం దానితో పోటీపడవు. మన దేశపు వాగులలో పుట్టిన జెయింట్ డానియో వేగంలో మేటి; కాని నోటి కొలత చూసుకోవాలి.

పాఠశాలలో తొట్టె పెట్టదలచిన ఉపాధ్యాయులు ముందు నీటి లెక్క చూసుకోవాలి. ఒక్క ఆస్కార్‌కైనా 120 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు గల తొట్టె కావాలి. అంటే 270 లీటర్లు, నీటి బరువే 270 కిలోలు. బల్లలు కాదు, గట్టి దిమ్మె ఉండాలి. కొత్తచేపను తెచ్చినరోజున రాళ్ళ అమరిక మార్చివేస్తే పాత హద్దులు చెరిగి, పాతకాపునూ కొత్తవాడినీ సమానస్థితికి తెస్తుంది. అన్నిటికంటె పోట్లాటకోరును చివర వదలాలి. ఒకదాని కంట ఒకటి పడకుండ రాళ్ళు, కుండపెంకులు అడ్డు పెట్టాలి. 1919 నుండి 1926 వరకు మల్లయుద్ధవీరులకు దీటుగా ముష్టియుద్ధంలో రాణించిన జాక్ డెంప్సీ పేరు ధరించిన సిక్లిడ్‌కూ ఈ ఉపాయాలు పనికివస్తాయి. ఫ్లవర్‌హార్న్ సంగతి వేరు. అది ప్రకృతిలో లేదు. 1990 దశకంలో మలేసియా ప్రాంతంలో సంకరం చేసి పుట్టించినది. తలమీది బొడిపె చూసి అదృష్టం అంటారు. అదృష్టం మాట ఎట్లున్నా, దానికి ఏకాంతమే మేలు.

ఇంక బయటి నీటి సంగతి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా కూడ సిక్లిడే. చౌకగా మాంసకృత్తులు లభిస్తాయని తెచ్చారు. అది లెక్కకు మిక్కిలిగా పిల్లలు పెట్టి, చెరువులో క్రిక్కిరిసి, పెరుగుదల లేక గిడసబారి, పొరుగు జాతులను నెట్టివేసింది. 1959లో దాని వ్యాప్తిని నిషేధించారు. అప్పటికి ఆలస్యమైంది, హైదరాబాదు చుట్టుపట్ల చెరువులలో తిలాపియాలు నేటికీ వలలకు పడుతున్నాయి.

సిక్లిడ్‌లకు తోడుగా దుకాణదారులు అంటగట్టే మరొక చేప, గాజుకు అంటిన పాచిని నాకే సక్కర్. దాని ఒళ్ళంతా ఎముక పలకల కవచం. ఆస్కార్ కూడ కొరకలేదు. అందుకే అది మంచి పొరుగు అనిపిస్తుంది. ఎదిగాక అదీ అడుగు దాటి, తొట్టెకు మించి, చెరువు చేరుతుంది. అక్కడ గట్లలో బొరియలు త్రవ్వుతుంది, జాలరుల వలలు చింపుతుంది. మన పత్రికలు దానిని దెయ్యంచేప అంటున్నాయి.

రాజేంద్రనగర్‌కు దగ్గరనే, అత్తాపూర్‌లో సి.సి.ఎం.బి. వారి అంతరించే జీవుల సంరక్షణ ప్రయోగశాల ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు ఈ చేపకోసం వల వేయలేదు. చేప శరీరం నుండి రాలే కణాల డి.ఎన్.ఏ. నీటిలో మిగులుతుంది. తూర్పు కనుమలలోని జలాశయాల నీటిని వడగట్టి, ఆ ఆనవాలు పరీక్షించారు. 2023లో తెలిసిన ఫలితం ఇది: పరీక్షించిన చోట్లలో సుమారు 60 శాతంలో ఆ చేప అప్పటికే ఉన్నది.