జ్ఞా అక్షరం చేసిన అల్లరి
కంప్యూటర్ దోషాలపై ఫిర్యాదుల చరిత్ర

2018 ఫిబ్రవరిలో మన తెలుగు లిపి ఒక్కసారిగా ప్రపంచ వార్తలకెక్కింది. వచ్చింది కీర్తి మాత్రం కాదు. 'జ్ఞా' అనే అక్షరం సందేశంగా వస్తే ఆపిల్ కంపెనీ ఫోన్లు, మాక్ కంప్యూటర్లు కుప్పకూలుతున్నాయని ఆ వార్తల సారాంశం. సందేశం తెరమీదికి రాగానే ఆ పని చేస్తున్న ప్రోగ్రాము ఆగిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ ఆగిపోయేది. ఆకతాయిలకు అది ఆట అయింది. తెలుగంటే ఏమిటో తెలియని ఊళ్ళలో కూడా కుర్రవాళ్ళు ఆ అక్షరాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. 'జ్ఞానం' అనే మాటకు మొదటి అక్షరం యంత్రాల పాలిట బాణామతి అయింది.

తప్పు అక్షరానిదా, యంత్రానిదా? యంత్రానిదైతే దాన్ని ఎవరు కనిపెట్టాలి, ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి? ఈ ప్రశ్నలకు డెబ్బై ఏళ్ళకు పైబడిన చరిత్ర ఉంది. స్వరాష్ట్రానికి వెలుపల ఉంటూ తెలుగు చదువుకుంటున్న మనకు ఆ చరిత్ర తెలిసి ఉండడం అవసరం. ఎందుకో చివరకు మనవి చేస్తాను.

పురుగు కథ

కంప్యూటర్ లోపాన్ని ఇంగ్లీషువారు 'బగ్' అంటారు. అంటే పురుగు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డ్ మార్క్ 2 అనే యంత్రం మొరాయిస్తే, లోపల ఒక రిలేలో చిక్కుకున్న రెక్కల పురుగు దొరికింది. పనివారు దాన్ని తీసి, దినచర్య పుస్తకంలో అతికించి, నిజమైన పురుగు దొరికిన మొదటి సందర్భం ఇదేనని చమత్కారంగా రాసిపెట్టారు. ఆ పుస్తకం ఇప్పటికీ అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉంది. అక్కడ పనిచేసిన గ్రేస్ హాపర్ ఈ కథను ఊరూరా చెప్పి ప్రచారంలోకి తెచ్చారు. నిజానికి ఆ మాట అంతకు ముందునుంచే ఉంది. ఎడిసన్ 1878లో రాసిన ఒక ఉత్తరంలోనే యంత్రాల చిక్కులను పురుగులన్నాడు.

ఇక్కడ మనం చూడవలసింది పురుగును కాదు, పుస్తకాన్ని. తప్పు దొరికితే తేదీ, వేళ, చోటు వేసి రాసిపెట్టాలనే అలవాటు అప్పటికే ఉంది. తరువాత వచ్చినదంతా ఆ పుస్తకానికి కొనసాగింపే. యంత్రాలు ప్రయోగశాల దాటి ఇళ్ళలోకి వచ్చాక మాత్రం చిక్కు వచ్చింది. తప్పు కనిపించేది ఒకరికి, దిద్దవలసినవారు మరొకరు. ఇద్దరి మధ్యా సముద్రాలు.

దాచాలా? చాటాలా?

దోషాలు రెండు రకాలు. పని చెడగొట్టేవి కొన్ని, దొంగకు దారి ఇచ్చేవి కొన్ని. మొదటి రకాన్ని ఎంత బిగ్గరగా చెప్పినా నష్టం లేదు. రెండో రకాన్ని బిగ్గరగా చెబితే దొంగకూ వినబడుతుంది. తలుపు గడియ ఊడిందని ఇంటివాడి చెవిలో చెప్పాలా, రచ్చబండ మీద చెప్పాలా అన్నదే సమస్య.

1988 నవంబరు 2న రాబర్ట్ మారిస్ అనే విద్యార్థి వదిలిన ప్రోగ్రాము అప్పటి ఇంటర్నెట్‌లో సుమారు ఆరు వేల యంత్రాలను స్తంభింపజేసిందని అంచనా. అది యూనిక్స్ యంత్రాల్లోని లోపాలను వాడుకుని పాకింది. వాటిలో కొన్ని నిపుణులకు అంతకు ముందే తెలుసు. తెలిసినవారు చెప్పడానికి ఒక చోటు లేకపోయింది. ఆ నెలలోనే పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 'సెర్ట్' అనే కేంద్రం వెలిసింది. లోపం తెలిసినవారు అక్కడికి రాస్తే, ఆ కేంద్రం కంపెనీకి చెబుతుంది.

పద్ధతి బాగానే ఉంది గాని, కంపెనీలు కదలలేదు. ఫిర్యాదులు నెలల తరబడి మూలుగుతూ ఉండేవి. విసిగినవారు 1993లో 'బగ్‌ట్రాక్' అనే బహిరంగ వేదిక పెట్టి, లోపాలను వివరాలతో సహా అందరికీ చాటడం మొదలుపెట్టారు. పరువు పోతేగాని కంపెనీ పని చేయదన్నది వారి వాదం. దొంగలకు తాళంచెవులు పంచుతున్నారన్నది కంపెనీల వాదం. రెండింటిలోనూ నిజం ఉంది. క్రమేణా మధ్యేమార్గం ఏర్పడింది. ముందు గోప్యంగా కంపెనీకి చెప్పాలి, గడువు ఇవ్వాలి, గడువు దాటితే లోకానికి చెప్పాలి. సెర్ట్ 2000లో 45 రోజుల గడువు పెట్టింది. 2014లో గూగుల్ ఏర్పాటు చేసిన 'ప్రాజెక్ట్ జీరో' బృందం 90 రోజులు ఇచ్చింది. 1999 నుంచి అలాంటి ప్రతి లోపానికీ సి.వి.ఇ. అనే వరుస సంఖ్య ఇవ్వడం మొదలయింది. ఊరికి, సర్వే నంబరుకు ఉన్న సంబంధం లాంటిదే ఇది. ఏ లోపం గురించి మాట్లాడుతున్నామో తగువు ఉండదు.

తెరిచిన పుస్తకం

1993లో మొదలైన డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌వారు మరో దారి పట్టారు. 1994లో ఇయన్ జాక్సన్ వారికోసం ఫిర్యాదుల ఖాతా ఒకటి తయారు చేశాడు. ఎవరైనా ఈమెయిల్ పంపవచ్చు. దానికి ఒక సంఖ్య పడుతుంది. ఎవరు ఏం జవాబిచ్చారో లోకమంతా చదవవచ్చు. 1997లో వారు ప్రకటించిన ఒడంబడికలో, మా లోపాలను దాచము అనేది ఒక షరతు. 1998లో నెట్‌స్కేప్ సంస్థలో టెర్రీ వైస్‌మన్ 'బగ్‌జిల్లా' అనే ఖాతా తయారు చేస్తే, అది ఎన్నో సంస్థలకు నమూనా అయింది.

తెరిచిన పుస్తకం ఉన్నంత మాత్రాన అన్నీ చక్కబడవు. 2006లో డెబియన్‌లో ఒక పరీక్షా పరికరం హెచ్చరిక చేస్తోందని, రహస్య సంకేతాలు తయారు చేసే ప్రోగ్రాములోంచి ఒకటి రెండు పంక్తులు తీసేశారు. తీసే ముందు బహిరంగంగానే అడిగారు. అడిగిన ప్రశ్నలోని ప్రమాదం విన్నవారికి స్ఫురించలేదు. ఫలితంగా, లెక్కకు అందకుండా ఉండవలసిన తాళంచెవులు ఒక్కో రకానికీ సుమారు 32 వేలకు కుదించుకుపోయాయి. 2008 మేలో బయటపడేదాకా దాదాపు రెండేళ్ళు ఎవరూ గమనించలేదు. తలుపు తీసి ఉంటే చాలదు, లోపలికి చూసేవాడు కూడా ఉండాలి.

వాడుకలోని ఇబ్బందులకు చాలాకాలం ఈ ఖాతాల్లో మర్యాద దక్కలేదు. యంత్రం ఆగిపోతే లోపం. బొత్తాము ఎక్కడుందో తెలియక ముసలాయన తికమకపడితే అది ఆయన లోపం. ఈ ధోరణిని మార్చడానికి ఉబుంటు వారు 2009లో ఒక ఉద్యమం నడిపారు. కాగితం అంచు వేలికి గీసుకుంటే ప్రాణం పోదు గాని రోజంతా చురుక్కుమంటుంది. అలాంటి చిన్న ఇబ్బందులను నూరు ఏరి, ఒక్కొక్కటి ఒక రోజులో తీర్చగలిగేవిగా చూసి, దిద్దాలని సంకల్పించారు. అదే సంస్థ స్థాపకుడు మార్క్ షటిల్‌వర్త్ 2004లో ఖాతా తెరిచినప్పుడు రాసిన ఒకటో నంబరు ఫిర్యాదు ఏమిటంటే, మార్కెట్‌లో మైక్రోసాఫ్ట్‌దే పైచేయి అని! దాన్ని 2013లో ఆయనే మూసివేశాడు. ఫోన్లు, టాబ్లెట్లు వచ్చి ఆ లెక్కే మారిపోయిందన్నాడు.

పేరు రాస్తే చాలు

మళ్ళీ మాక్ దగ్గరకు వద్దాం. 2017 నవంబరు 28న టర్కీకి చెందిన ఒక సాఫ్ట్‌వేర్ నిపుణుడు అందరూ చూసేలా ఒక ప్రశ్న వేశాడు. 'హై సియెరా' అనే కొత్త మాక్ సిస్టమ్‌లో పేరు అడిగినచోట 'రూట్' అని రాసి, సంకేతపదం ఖాళీగా వదిలి, రెండు మూడుసార్లు నొక్కితే యజమాని హక్కులన్నీ చేతికి వస్తున్నాయి, ఇది మీకు తెలుసా? అని. మరునాడే ఆపిల్ సవరణ పంపింది. కంగారులో వేసిన మాసిక కనుక కొందరికి ఫైళ్ళు పంచుకునే సౌకర్యం చెడింది. దానికి మళ్ళీ ఇంకో చికిత్స.

బహిరంగంగా చెప్పినందుకు చాలామంది ఆయన్ని తప్పుపట్టారు. తన సహోద్యోగులు కొన్ని రోజుల ముందే కంపెనీకి చెప్పారని ఆయన వివరించాడు. అసలు విచిత్రం వేరే ఉంది. రెండు వారాల కిందటే ఆపిల్ సొంత చర్చా వేదికలో ఒకరు ఇదే కిటుకును, లోపలికి ప్రవేశించలేక ఇబ్బంది పడుతున్నవారికి ఉపాయంగా చెప్పారు. అది ఉపాయంగా కనిపించింది గాని, ఎవరికీ కన్నంగా తోచలేదు. ఫిర్యాదు చేరడం వేరు, ఫిర్యాదుగా గుర్తింపు పొందడం వేరు.

కనిపించని దోషి

ఇది జరిగిన మూడు నెలలకే మన జ్ఞా వంతు వచ్చింది. ఇటలీలోని ఒక వెబ్ పత్రిక ద్వారా వార్త ప్రచారంలోకి వచ్చింది. ఫిబ్రవరి 19న ఆపిల్ సవరణ పంపింది. ఆ లోపానికి సి.వి.ఇ. 2018-4124 అని సంఖ్య పడింది. అక్షరాలను కూర్చే భాగంలో జ్ఞాపకశక్తి చెదిరిపోతోందని, ఇకపై సరిగా పరీక్షించి తీసుకుంటామని దాని తాత్పర్యం.

పత్రికలు 'తెలుగు అక్షరం' అని రాశాయి. అది సగమే నిజం. మనం రోజూ రాసుకునే జ్ఞానం, విజ్ఞానం ఏ యంత్రాన్నీ పడగొట్టలేదు. ఆ సందేశంలో జ, పొల్లు, ఞ, దీర్ఘం ఈ నాలుగే కాక, కంటికి కనిపించని అయిదోది ఒకటి ఉంది. ఞకూ దీర్ఘానికీ నడుమ కూర్చున్న ఆ గుర్తుకు పలుకూ లేదు, రూపమూ లేదు. రెండు అక్షరాలు కలవకుండా విడదీయడం దాని పని. తెలుగులో దాని అవసరం చాలా ఉంది. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట్ తరువాత ఆ గుర్తు పెట్టకపోతే, ట కింద వ వత్తు చేరి మాట చదవరాకుండా పోతుంది. అయితే హల్లుకూ గుణింతపు గుర్తుకూ మధ్య దానికి పనేమీ లేదు. ఆ పనిలేని చోట అది కూర్చుంటే ఏం చేయాలో ఆపిల్ ప్రోగ్రాముకు తెలియలేదు.

తరువాత నిపుణులు వెతికితే, జ్ఞా ఒక్కటే కాదు, ఇలా వత్తుతో కూడి మధ్యలో ఆ గుర్తున్న తెలుగు కూర్పులు ఎన్నో అదే పని చేశాయి. బెంగాలీలో, దేవనాగరిలో కూడా కొన్ని కూర్పులు దొరికాయి. మన వత్తులు కింద చేరతాయి, బెంగాలీ య-ఫలా పక్కన చేరుతుంది. ఇలా తరువాతి హల్లు ముందుదానికి తగులుకునే కూర్పులకు ఈ చిక్కు తగిలింది. అంటే దోషం తెలుగుది కాదు. మన లిపులు ఎలా కూడుతాయో పూర్తిగా పరీక్షించకుండా బజారుకు పంపిన ప్రోగ్రాముది. తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. విండోస్‌లో 2001 నాటి ఎక్స్.పి.తో 'గౌతమి' అక్షరాలు వచ్చాయి. చోటు దొరకడం వేరు, ప్రతి కూర్పునూ పరీక్షించేవారు ఉండడం వేరని 2018 రుజువు చేసింది.

మన వంతు

తెరమీద వత్తు పక్కకు జరిగినా, పొల్లు విరిగినా, వెతికితే మాట దొరకకపోయినా ముందుగా కనిపించేది తెలుగు చదివేవారికే. ఇంగ్లీషు చదివే పరీక్షకుడికి అది కనిపించదు. మనలో చాలామంది దాన్ని చూసి, ఈ యంత్రం ఇంతేలే అని సరిపెట్టుకుంటాం. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో అయినచోట ఈ సరిపెట్టుకోవడం మరీ సులభం. పిల్లవాడు తెలుగులో టైపు చేయబోయి అక్షరం విరిగితే, విరగని భాషలోకి వెళ్ళిపోతాడు. ఒక మాసిక పడని చిన్న లోపం ఒక చదువరిని మనకు దూరం చేస్తుంది.

అర్జీ పెట్టడం మనకు కొత్త కాదు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, బాధ చెప్పుకునేవాడు కేంద్రంలోగాని ఆ రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నవించుకోవచ్చు. 1956 సవరణతో వచ్చిన 350 బి అధికరణం భాషాల్పసంఖ్యాకులకు ఒక ప్రత్యేకాధికారిని ఇచ్చింది. 1957లో ఆయన కార్యాలయం ఏర్పడింది. బడికోసం, పాఠ్యపుస్తకంకోసం అర్జీ ఎలా రాయాలో మన పెద్దలకు తెలుసు. ఏ ఊరు, ఏ బడి, ఎంతమంది పిల్లలు, ఏ ఉత్తర్వు అమలు కాలేదు అని రాస్తేనే అధికారి చదువుతాడు. అన్యాయం జరిగిందని మాత్రమే రాస్తే బుట్టలో పడుతుంది.

యంత్రం గురించి రాసే అర్జీకీ ఇదే సూత్రం. ఏ సిస్టమ్, ఎన్నో సంచిక, ఏం నొక్కితే ఏం వచ్చింది, ఏం రావాలి. ఇవన్నీ ఉండాలి. తెర ఫొటో జతచేయాలి. విరిగిన మాటను అచ్చం అలాగే అతికించాలి, ఎందుకంటే జ్ఞా విషయంలో చూశాం, దోషి కంటికి కనిపించకపోవచ్చు. దొంగకు పనికివచ్చే లోపమని అనుమానం వస్తే నలుగురికీ చాటకుండా కంపెనీ భద్రతా విభాగానికి రాయాలి. కంపెనీలకు మన 350వ అధికరణం వర్తించదు కనుక చాలాచోట్ల ఇంగ్లీషులోనే రాయక తప్పదు. వచ్చీరాని ఇంగ్లీషైనా ఫరవాలేదు, వివరం ముఖ్యం.

ఓపికగా రాసినవారి మాట చెల్లిన సందర్భాలు ఉన్నాయి. పాత పుస్తకాల్లో కనిపించే నకారపొల్లుకు యూనికోడ్‌లో ప్రత్యేక స్థానం ఉండేది కాదు. ఆధారాలు చూపి ప్రతిపాదన పంపితే, 2021లో వెలువడిన 14వ సంచికలో చోటు దొరికింది. అచ్చు పుస్తకాల్లో కనుమరుగైన అక్షరం యంత్రంలోకి వచ్చింది. బళ్ళారిలోనో హోసూరులోనో బరంపురంలోనో షోలాపూరులోనో యానాంలోనో, ఈసారి తెరమీద తెలుగు విరిగితే పాఠకులు ఆ రోజు తేదీ వేసి రాసిపెట్టుకోవాలని, ఒక ఉత్తరం పంపాలని నా మనవి.