నాబ్ కొంచెం, మోత ఎంతో



ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో గోండీ వినే చెవులు మనవి. ప్రాణహిత అవతలి స్టేషన్ అందుకోవడానికి రాత్రిపూట రేడియోను కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. అప్పటి బాధ శబ్దం చాలకపోవడం. ఇప్పటి బాధ దానికి తలకిందులు.

ఈమధ్య కమలాపూర్‌లో ఒక విద్యార్థి ఫోనుకు చిన్న యాంప్లిఫయర్ తగిలించి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని, నాబ్‌ను వెంట్రుకవాసి తిప్పాడు. ఉలిక్కిపడి లాగేశాడు. "సార్, ఇది పాడైందా?" అని అడిగాడు. పాడవలేదు. మరి ఎందుకలా జరిగింది? దాని వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది.

1910లో అమెరికాలోని యూటాలో నథానియల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లో హెడ్‌ఫోన్లు తయారుచేసి అక్కడి నౌకాదళానికి పంపారు. క్రిస్టల్ రేడియో కూడా ఆ కాలానిదే. దానికి బ్యాటరీ లేదు, యాంప్లిఫయర్ లేదు. ఏరియల్ పట్టిన పిసరంత విద్యుత్తే హెడ్‌ఫోన్ రేకును కదిలించాలి. అందుకే ఆ హెడ్‌ఫోన్లలో సన్నని తీగను వేల చుట్లు చుట్టి, నిరోధం 2000 ఓములదాకా ఉంచేవారు. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1979లో జేబు క్యాసెట్ ప్లేయరుగా సోనీ వాక్‌మన్ వచ్చింది. బ్యాటరీ చిన్నది కనుక, తక్కువ శక్తితోనే గట్టిగా పలికే 32 ఓముల హెడ్‌ఫోన్ల వాడుక పెరిగింది.

చిక్కు ఇక్కడే ఉంది. కొన్ని ఇయర్‌ఫోన్లు ఒక్క మిల్లీవాట్‌కే 110 డెసిబెల్ మోగుతాయి. హాయిగా వినడానికి 80 డెసిబెల్ ఎక్కువే. దానికి కావలసింది మిల్లీవాట్‌లో 1000వ వంతు. యాంప్లిఫయర్ మాత్రం 100 మిల్లీవాట్లు ఇవ్వగలదు. గ్లాసెడు నీళ్లకు చెరువు తూము ఎత్తినట్టన్నమాట! మనం వినగలిగినదంతా నాబ్ మొదటి మలుపులోనే అయిపోతుంది. ఆ మొదట్లో కుడి, ఎడమ చెవులకు శబ్దం సమానంగా రాకపోవడం కూడా మామూలే.

ఉపాయాలు సులువు. యాంప్లిఫయర్‌కు గెయిన్ స్విచ్ ఉంటే 'లో' వైపు పెట్టండి. ఫోను వాల్యూమ్ కొంత తగ్గించండి. అప్పుడు నాబ్ తిరగడానికి చోటు దొరుకుతుంది. అన్నిటికన్నా ముందు, నాబ్‌ను సున్నాకు తిప్పాకే చెవిలో పెట్టుకోండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్ శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 డెసిబెల్ అయితే 4 గంటలే. లోపలి చెవిలోని సన్నని రోమకణాలు ఒకసారి చస్తే మళ్లీ మొలవవు. మోత వల్ల ముందుగా పోయేది సన్నని స్వరాల వినికిడి. 'స'కు, 'శ'కు తేడా చెప్పేవి అవే. రెండు మూడు భాషల మధ్య పెరిగే మన పిల్లలకు అది చిన్న నష్టం కాదు.

ఒకనాడు శబ్దం కోసం చెవి రిక్కించాం. ఇప్పుడు చెవి కోసం చేయి కాస్త అదుపులో పెట్టుకుందాం. సెలవు.