దంతపురము: పేరును ఊరును

ఖరగ్‌పూరు నుండి స్వస్థలములకు పోవు ఆంధ్రులలో దాంతన్ స్టేషనును బండి కిటికీలోనుండి చూడనివారు అరుదు. బాలేశ్వరము దారిలో సుమారు ఏబది కిలోమీటర్ల దూరమున నున్న యీ యూరే ప్రాచీన కళింగ రాజధానియగు దంతపురమని పందొమ్మిదవ శతాబ్దమున రాజేంద్రలాల్ మిత్రా తలచెను. అదే రైలుదారిలో ఇంకను దక్షిణమునకు పోగా వచ్చు ఆమదాలవలసకు చేరువను దంతవక్త్రుని కోట యను మట్టికోట కలదు. దంతపురము అదియే యని మనవారందురు. పేరొక్కటి, హక్కుదారులు పలువురు.

ఈ పేరునకు బౌద్ధులు చెప్పు కారణము ప్రసిద్ధము. బుద్ధుని దంతము కళింగరాజగు బ్రహ్మదత్తునకు లభింపగా, దానిని నిలిపిన పురము దంతపురమాయెనట. క్రీ.శ. నాలుగవ శతాబ్దమున గుహశివుని కూతురు హేమమాల ఆ దంతమును కొప్పులో దాచుకొని, భర్తయగు దంతకుమారునితో తామ్రలిప్తి రేవున ఓడయెక్కి సింహళము చేరినదని పాళీగ్రంథమగు దాఠావంశము చెప్పుచున్నది. తామ్రలిప్తి మన పొరుగుననున్న తమ్లూకే. దాంతన్ పక్షమువారికి ఈ సామీప్యమే ప్రధానబలము.

అయితే పేరు దంతముకంటె ప్రాచీనమైనచో? 1925లో ఫ్రెంచి పండితుడు సిల్వే లెవీ ఒక చక్కని యూహ చేసెను. టాలమీ భూగోళములో కళింగతీరమున పలూర యను రేవు కలదు. ద్రావిడభాషలలో పల్ అనగా దంతము, ఊర్ అనగా గ్రామము. కావున దంతపురమనునది పలూరునకు సంస్కృతానువాదమని ఆయన మతము. పల్లు, ఊరు అను మాటలు మనయింట నిత్యము పలుకునవే గనుక ఈ వాదము మనకు మిక్కిలి ప్రియము. కాని ప్రియమైనది ప్రమాణము కాదు. గ్రీకులిపి అకారమున హ్రస్వదీర్ఘభేదమును చూపదు. పాలు, ఊరు అని విడదీసినను తప్పుపట్టు వీలులేదు. చిలక సరస్సునకు దక్షిణమున నేడును పాలూరు కలదు. (మన ఖరగ్‌పూరునకే ఇందా యందలి ఖడ్గేశ్వరుని బట్టి పేరు వచ్చెనందురు. ఊరిపేర్లకు కథలు కరవా!)

ఇక దూరములు, శాసనములు. ఒకటవ శతాబ్దపు రోమను రచయిత ప్లినీ, గంగాముఖమునుండి 625 మైళ్ల దూరమున దండగుడ యను పట్టణమును పేర్కొనెను. అది దంతపురమేయని కన్నింగ్‌హామ్ 1871లో రాజమహేంద్రవరమును చూపెను. ఆ లెక్క ఆమదాలవలసకు మించిపోవుచున్నది. అయినను గంగాముఖమునకు ఇంత దాపున నున్న దాంతన్‌నకు అది యెంతమాత్రమును పొసగదు. శ్రీకాకుళము జిల్లా టెక్కలి ప్రాంతమున దొరికిన జిర్జింగి తామ్రశాసనమును తూర్పు గాంగరాజగు ఇంద్రవర్మ, గాంగశకము 39వ యేట, దంతపురమునుండియే యిచ్చెను. నా దృష్టిలో ఇదియే గట్టి సాక్ష్యము. 1990 దశకమున దంతవక్త్రుని కోటలో జరిగిన త్రవ్వకములందు బౌద్ధావశేషములు బయల్పడినవి.

దాంతన్ దీనివలన చిన్నబోదు. శశాంకుని నాటి దండభుక్తి యను మండలము ఈ ప్రాంతమే యని చరిత్రకారులందురు. ఊరిపేరు దానినుండియే వచ్చినట్లు తోచుచున్నది. చైతన్యప్రభువు పండ్లుతోముకొని పుల్లను పారవేసిన చోటు గనుక దాంతన్ అయినదని స్థానికులు చెప్పుదురు. ఆ యూరి చెంతనే మొగల్‌మారి దిబ్బను 2003 మొదలు కలకత్తా విశ్వవిద్యాలయమువారు త్రవ్వగా గొప్ప బౌద్ధవిహారము బయటపడినది. అచ్చటి మట్టిముద్రలపై పండితులు చదివిన పేరు శ్రీ వందక మహావిహారము.