పట్టణపు మురుగు – పొలపు ఎరువు

పల్లెలో పెంటకుప్ప లేని రైతు ఇల్లు అరుదు. పశువుల పేడ, కసవు, బూడిద అందులో ఏడాదిపాటు మాగి, తొలకరికి ముందు బండ్లమీద పొలము చేరుట మనకు తరతరములుగా తెలిసినదే. పట్టణముల విషయమున మాత్రము ఈ చక్రము తెగినది. పొలమున పండినది పట్టణమునకు వచ్చును. పట్టణమునుండి తిరిగి పొలమునకు పోవునది స్వల్పము. తక్కినది నదులలోను సముద్రములోను కలియును.

ఈ తెగిన చక్రమును అతుకుటకు జరిగిన కృషిలో ప్రధానమైన ఘట్టము మన దేశముననే నడచినది. 1905లో పూసా వ్యవసాయ పరిశోధనాలయమునకు వచ్చిన ఆల్బర్ట్ హోవర్డ్, 1924 నుండి 1931 వరకు ఇండోరులో పనిచేసినాడు. చైనా రైతుల ప్రాచీన పద్ధతులనుండి ఆయన ఎంతో గ్రహించినాడు. యశ్వంత్ వాడ్ అను సహచరునితో కలిసి చెత్తను, పేడను పొరలుగా పేర్చి, తడిపి, నడుమనడుమ తిరగవేసి, సుమారు మూడు నెలలలో ఎరువుగా మార్చు విధానమును రూపొందించినాడు. వారి గ్రంథము 1931లో వెలువడినది. తరువాత ఈ విధానమునే పట్టణపు మలమునకు అన్వయించినారు. 1939లో బెంగుళూరులో సి. ఎన్. ఆచార్య, గోతులలో చెత్తను మలమును పొరలుగా నింపి, తిరగవేయకయే మాగనిచ్చు మరియొక పద్ధతిని ఏర్పరచినాడు.

ఇంతలో పాశ్చాత్య నగరములలో వేరొక చిక్కు పెరిగినది. 1914లో మాంచెస్టరులో ఆర్డర్న్, లాకెట్ అనువారు మురుగునీటికి గాలి పట్టించి శుద్ధిచేయు పద్ధతిని ప్రకటించినారు. నీరు తేటపడినది, కాని అడుగున బురద మిగిలినది. దానిని న్యూయార్కు 1992 వరకు, లండను 1998 వరకు సముద్రములో పారబోసినవి. 1970 తరువాతి దశాబ్దమున అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో ఈ బురదకు చెక్కపేళ్లు కలిపి, కుప్ప క్రింద చిల్లుల గొట్టములు పరచి, గాలి ఆడించి ఎరువు చేయు మార్గమును కనుగొనినారు.

ఇందలి మర్మము వేడి. బురదలో నత్రజని హెచ్చు, కర్బనము తక్కువ; అందుచేతనే పేళ్లు, పొట్టు కలుపుట. గాలి, తేమ సమకూడినచో సూక్ష్మజీవులు విజృంభించి కుప్పను వేడెక్కించును. ఆ వేడి 55 సెంటిగ్రేడు డిగ్రీలకు తగ్గక కొన్ని దినములు నిలిచినచో రోగక్రిములు, నులిపురుగుల గ్రుడ్లు నశించును. వేడి చాలనిచో ఎరువుతోపాటు రోగమును కూడ పొలమునకు మోసినట్లే. కర్మాగారములనుండి మురుగులో చేరు సీసము, కాడ్మియము మాత్రము ఎంత వేడికిని నశింపవు. వానిని మురుగులో కలియకముందే ఆపవలెను.

మరువరాని సంగతి మరొకటి కలదు. ఆనాడు ఆ గోతులకు మలమును చేర్చినది సాటి మనుష్యుల చేతులే. ఆ పనికి మనుష్యులను నియోగించుటను 1993లోను, మరింత గట్టిగా 2013లోను మన చట్టములు నిషేధించినవి. నేల ఋణము తీర్చవలసినదే. కాని ఆ భారము ఒక కులము నెత్తిన పెట్టి తీర్చుకొనినచో అది ఋణము తీర్చుట కాదు, మరియొక ఋణము చేయుటయే.