ఖాళీ అయిన జాగాలో నిలబడ్డవాళ్లు

తారీఖ్ రాసేవాళ్లకు ఒక ఆదత్ ఉంది. కప్పు ఎత్తిన కప్తాన్ పేరు రాసి కలం మూసేస్తారు. 2016లో ఐపీఎల్ కప్పు హైదరాబాద్‌కు వచ్చిందంటే అందరికీ డేవిడ్ వార్నర్ గుర్తొస్తాడు. అతని మెహనత్‌ను నేను తక్కువ చేయను. కానీ ఆ కిస్సాలో నాకు నచ్చిన భాగం వేరే ఉంది.

ఆ ఏడాది సన్‌రైజర్స్ బలమంతా బౌలింగే. భువనేశ్వర్ కుమార్, ఆశిష్ నెహ్రా, బంగ్లాదేశ్ నౌజవాన్ ముస్తఫిజుర్ రహ్మాన్. లీగ్ దశ చివర్లో 37 ఏళ్ల నెహ్రాకు తొడ కండరం దెబ్బతింది. ఇక ఆడేది లేదన్నారు. జట్టు మూడో స్థానంతో ప్లేఆఫ్స్‌కు చేరింది. అంటే కప్పు కావాలంటే వరుసగా మూడు మ్యాచ్‌లు గెలవాలి, ఒక్కటి ఓడినా ఇంటికే. ఎలిమినేటర్ ఆడిన జట్టు అప్పటిదాకా ఒక్కసారీ కప్పు గెలవలేదు.

మే 25న ఢిల్లీలో కోల్‌కతాను 22 పరుగులతో ఓడించారు. రెండు రోజులకు, జుమా రాత్రి, గుజరాత్ లయన్స్‌తో మ్యాచ్. టాస్ దగ్గర ఇంకో చేదు ఖబర్: ముస్తఫిజుర్ కూడా లేడు, అతనికీ తొడ కండరమే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ అప్పటికి ఒకే నల్లగొండ జిల్లా. అక్టోబర్‌లో సూర్యాపేట జిల్లా వేరుపడ్డది. షబే బరాత్ వెళ్లి వారం కూడా కాలేదు, ముందు రంజాన్ ఉంది. మా వైపు పిల్లలు ముస్తఫిజుర్‌ను సొంత భాయ్ లెక్క చూసేవాళ్లు. అతనికి బెంగాలీ తప్ప వేరే జబాన్ సరిగా రాదు. జట్టులో అతనికి తర్జుమా చేసిపెట్టింది మన వైజాగ్‌లో పెరిగిన రికీ భుయ్. ఉర్దూ మీడియం నుంచి తెలుగు డిగ్రీకి వెళ్లిన నాకు, క్లాసులో పక్కన కూర్చుని మాట అందించేవాడి ఖీమత్ బాగా తెలుసు.

ఆ రాత్రి ముస్తఫిజుర్ జాగాలో న్యూజిలాండ్ పేసర్ ట్రెంట్ బౌల్ట్ దిగాడు. గుజరాత్ 162 చేసింది. మనవాళ్లు 117కే ఆరు వికెట్లు పోగొట్టుకున్నారు. వార్నర్‌కు తోడుగా వచ్చింది ఎడమచేతి స్పిన్నర్ బిపుల్ శర్మ. 11 బంతుల్లో 27 కొట్టి నిలబడ్డాడు. వార్నర్ 93 నాటౌట్. నాలుగు బంతులుండగానే గెలిచారు.

మే 29, ఇత్వార్, బెంగళూరులో ఫైనల్. ముస్తఫిజుర్ తిరిగొచ్చాడు. మనవాళ్లు 208 చేశారు. బెంగళూరుకు గేల్, కోహ్లీ మొదటి వికెట్‌కే 114 పరుగులు జోడించారు. ఉమ్మీద్ దాదాపు వదిలేసిన ఆ వఖ్త్‌లో ఎవరు ఆదుకున్నారో చూడండి. గేల్‌ను బెన్ కటింగ్ అవుట్ చేశాడు. కోహ్లీని బౌల్డ్ చేసింది బరీందర్ స్రాన్. హర్యానా కుర్రాడు, భివానీలో బాక్సింగ్ నేర్చుకుని ఆ తర్వాత క్రికెట్‌కు వచ్చినవాడు. డివిలియర్స్ వికెట్ మళ్లీ మన బిపుల్‌దే. చివరి ఓవర్‌కు 18 కావాలి. భువనేశ్వర్ తొమ్మిదే ఇచ్చాడు. ఎనిమిది పరుగులతో కప్పు మనది.

భువనేశ్వర్ ఆ సీజన్‌లో 23 వికెట్లతో అందరికంటే పైన నిలిచాడు. ముస్తఫిజుర్ 17 వికెట్లు తీసి, ఎమర్జింగ్ ప్లేయర్ ఇనామ్ అందుకున్న మొదటి విదేశీ అయ్యాడు. వాళ్ల పేర్లు రికార్డులో భద్రంగా ఉన్నాయి. బిపుల్, స్రాన్ పేర్లు మాత్రం ఆ స్కోర్‌కార్డు తెరిస్తేనే కనబడతాయి.

మన ఖాన్‌దాన్‌లలో కూడా ఇంటి బోఝ్ అంతా ఒక్క కొడుకు భుజాల మీద పెడతాం. దుబాయ్‌లోనో, జెద్దాలోనో ఉన్న ఆ ఒక్కడి పేరే దావత్‌లలో చెప్పుకుంటాం. అతను బీమారై పడుకున్న రోజున దుకాణం షట్టర్ ఎత్తేది మనం పెద్దగా పట్టించుకోని చిన్నవాడే. ఆ పిల్లలకు ముందునుంచే పని నేర్పి, వాళ్ల మీద భరోసా పెట్టిన ఇళ్లు తట్టుకుని నిలబడటం నేను చూశాను. ఈ ఇత్వార్ దస్తర్‌ఖాన్ దగ్గర పిల్లలను అడగండి: ఆ ఫైనల్‌లో కోహ్లీ స్టంప్స్ పడగొట్టిందెవరు? తెలియకపోతే మీరే చెప్పండి.