ఐర్లండు రగ్బీ: ఆలస్యంగా వచ్చినవాళ్ళు

జేమ్స్ జాయిస్ రాసిన ‘ఏ పోర్ట్రెయిట్ ఆఫ్ ది ఆర్టిస్ట్ యాజ్ ఎ యంగ్ మాన్’ నవల మొదట్లోనే ఒక బడి ఆటస్థలం కనపడుతుంది. బక్కపలచటి కుర్రవాడొకడు బంతి తన దిక్కుకు రాకపోతే చాలుననుకుంటూ ఆట అంచున తచ్చాడుతూ వుంటాడు. ఆ బడి కల్పితం కాదు. ఐర్లండులోని కిల్డేర్ కౌంటీలో జెసూట్ ఫాదరీలు నడిపే క్లాంగోస్ వుడ్ కాలేజి అది. జాయిస్ 1888లో ఆరేళ్ళ ప్రాయంలో అక్కడ చేరాడు. తండ్రి ఆస్తి కరిగిపోయి ఫీజు కట్టే స్తోమత లేకపోయేసరికి 1891లో మానేశాడు.

తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు రగ్బీతో పని పడింది ఈ ఆటస్థలం మూలంగానే. అక్కడ ఎవరి పిల్లలు ఆడుకునేవారు, ఫీజు కట్టలేనివాళ్ళ పిల్లలు ఏ ఆట ఆడుకునేవారు అనే ప్రశ్న పట్టుకుని పోగా పోగా, నేటి ఐర్లండులో తరచు వినపడే ఒక తగాదా దగ్గరికి చేరాను. కోలబంతిని చేతపట్టుకుని పరుగెత్తే ఆట రగ్బీ, జట్టుకు పదిహేనుమంది. ఆ ఆటలో ఐర్లండు గెలిచినప్పుడల్లా దేశం సగం ఆకుపచ్చ చొక్కా తొడుగుతుంది. వెంటనే ఒక ఎత్తిపొడుపు లేస్తుంది, వీళ్ళంతా ‘బాండ్‌వాగన్’ మనుషులని. బాండ్‌వాగన్ అంటే మేళాన్ని ఎక్కించుకుని ఊరేగే బండి. మేళం మోగినంతసేపూ బండి మీద వుండి, అది ఆగగానే దిగిపోయే గాలివాటం జనమన్నమాట. రెండో పక్కనుంచి మరో ఎత్తిపొడుపు: డబ్బున్న బడుల ఆట జాతి ఆట ఎట్లా అవుతుందని. ఈ రెండు తిట్లకూ మూలం ఒకటేనని నా అభిప్రాయం. ఆలస్యంగా వచ్చావని అనేవాడు, అంతకాలమూ తలుపు ఎవరు మూసివుంచారో చెప్పడు.

పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా చెబుతాను. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజిలో 1854లోనే ఫుట్‌బాల్ క్లబ్బు వెలిసింది. ఇంగ్లండు పబ్లిక్ స్కూళ్ళలో చదివివచ్చిన యువకులు తమతోపాటు తెచ్చుకున్న ఆట ఇది. అప్పటి ట్రినిటీ ప్రధానంగా ప్రొటెస్టెంటు పాలకవర్గపు విద్యాలయం. 1874లో డబ్లిన్‌లో ఒక సంఘం, 1875లో బెల్‌ఫాస్టులో మరొకటి ఏర్పడి, 1879లో రెండూ ఏకమయ్యాయి. ఐతే ఆట పాలకుల దగ్గరే ఆగిపోలేదు. బ్లాక్‌రాక్, క్లాంగోస్, బెల్వెడేర్ వంటి కేథలిక్కు బడులు దీన్ని అందుకున్నాయి. వాటిలో చదివేది వర్తకుల, వకీళ్ళ, డాక్టర్ల, మోతుబరి రైతుల కొడుకులు. ఏలేవాడి సరసన కూర్చోదలచిన వర్గం ఏలేవాడి ఆటను నేర్చుకోవడంలో వింత లేదు. 1887లో లెన్‌స్టర్ బడుల సీనియర్ కప్పు మొదలైంది. తొలి కప్పు బ్లాక్‌రాక్‌ది. ఆ తర్వాత ఆ ఒక్క బడే అరవైకి పైబడి గెలుచుకుంది. ఒక రాజవంశం కూడా అంత నిలకడగా సింహాసనం మీద కూర్చోలేదు!

1884 నవంబరు 1న టిప్పరరీలోని థర్లెస్ పట్టణంలో, హేయెస్ హోటలులో, మైకేల్ క్యుసాక్ ప్రభృతులు గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్‌ను స్థాపించారు. హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ అనే దేశీయ క్రీడలను బతికించడం దాని ధ్యేయం. ఈ క్యుసాక్ డబ్లిన్‌లో బడి నడిపిన పంతులు. ఒకప్పుడు స్వయంగా రగ్బీ ఆడినవాడు. జాయిస్ ‘యులిసిస్’లో సారాకొట్టులో కూర్చుని గర్జించే ‘సిటిజన్’ పాత్రకు ఇతడే ఒరవడి. ఇరవయ్యో శతాబ్దపు తొలి సంవత్సరాలనుంచి 1971 దాకా, రగ్బీ, సాకర్, క్రికెట్ వంటి విదేశీ ఆటలు ఆడినవాడికీ చూసినవాడికీ ఆ సంఘంలో చోటులేదు. దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ 1938లో ఒక సాకర్ పోటీ చూడడానికి వెళితే, ఆయన్ను సంఘ పోషకుల జాబితానుంచి తొలగించారు. మరోవైపు, స్వాతంత్ర్యోద్యమ నాయకుడైన డి వలేరా బ్లాక్‌రాక్‌లో చదువుకుని రగ్బీ ఆడినవాడే. ఆ ఆటమీద మమకారాన్ని ఆయన చంపుకోలేకపోయాడు.

ఈ నిషేధాన్ని సామ్రాజ్యవాద వ్యతిరేక చర్యగా పొగిడినవాళ్ళున్నారు. దానిలో ఆత్మగౌరవం వుందని నేనూ ఒప్పుకుంటాను. కాని దాని ఫలితమేమిటి? ఫీజుబడి గోడ లోపలినుంచి కట్టినది, నిషేధం బయటినుంచి కట్టినది. ఈ రెండు గోడల మధ్యా పల్లెటూరి కుర్రవాడికి రగ్బీబంతి కంటపడే అవకాశమే లేకపోయింది. గోడ లోపలివాళ్ళకు ఈ ఏర్పాటువల్ల నష్టమేమీ కలగలేదు.

ఇంకొక విషయం. 1921లో దేశం చీలినప్పుడు సాకర్ సంఘం కూడా బెల్‌ఫాస్టుకొకటి, డబ్లిన్‌కొకటిగా చీలింది. రగ్బీ చీలలేదు, నేటికీ ఐర్లండు అంతటికీ ఒకటే జట్టు. దీన్ని జాతీయ సమైక్యతకు నిదర్శనంగా వర్ణించడం పరిపాటి. నాకు మాత్రం ఇందులో మతంకంటే వర్గం బలమైన ముడి అనిపిస్తుంది. బెల్‌ఫాస్టు గ్రామర్ స్కూలు ప్రొటెస్టెంటు డాక్టరూ, డబ్లిన్ కేథలిక్కు వకీలూ ఒకే బల్లదగ్గర భోంచెయ్యడానికి పెద్ద ఇబ్బంది లేకపోయింది. సాకర్ ఆడే శ్రామికులకు ఆ వెసులుబాటు లేదు. వాళ్ళ పేటలమధ్యనే అగ్గి రగిలింది.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి రగ్బీ దొరలబిడ్డల ఆట అని తీర్పు చెప్పి లేచిపోవచ్చు. అభ్యుదయ దృష్టి వున్నామనుకునేవాళ్ళు చాలామంది అట్లాగే లేచిపోతారు. ఐతే లిమరిక్ అనే ఊరొకటి వుంది.

షానన్ నది ఒడ్డునున్న రేవుపట్టణం అది. అక్కడ 1884లో గారియోవెన్ క్లబ్బు, 1895లో యంగ్ మన్‌స్టర్ క్లబ్బు పుట్టాయి. బంతిని ఆకాశానికెత్తి కొట్టి, దానికిందికి అందరూ ఉరికే ఎత్తుగడను ప్రపంచమంతటా గారియోవెన్ అనే పిలుస్తారు. ఆ ఊళ్ళో చిన్న క్లబ్బులు బడులను బట్టి కాక పేటలను, చర్చి పారిష్‌లను బట్టి ఏర్పడ్డాయి. పెద్దమనుషుల రగ్బీ శనివారం మధ్యాహ్నపు ఆట. రేవు కూలీకి శనివారం సెలవెక్కడిది? అంచేత లిమరిక్ పేటలవాళ్ళు ఆదివారం ఆడుకున్నారు. ఒక్క రోజు తేడాలో ఎంత సాంఘిక చరిత్ర వుందో చూడండి! ‘ఎల్లో రోడ్’ పేట కష్టజీవుల క్లబ్బుగా పేరుపడ్డ యంగ్ మన్‌స్టర్ 1928లో బేట్‌మన్ కప్పు ఫైనలులో డబ్లిన్ పెద్దల క్లబ్బయిన లాన్స్‌డౌన్‌ను ఓడించింది. ఆ పేటలో ఆ సంవత్సరాన్ని ఇంకా తలుచుకుంటూనే వుంటారు.

కాని లిమరిక్‌ను చూపించి మన్‌స్టర్ ప్రాంతమంతా వర్గరహితమని చెప్పే ప్రచారాన్ని నమ్మకూడదు. లియాం ఓకాలహన్ అనే చరిత్రకారుడు 2011లో ప్రచురించిన మన్‌స్టర్ రగ్బీ చరిత్రలో ఈ కల్పనను నిశితంగా పరీక్షించాడు. మన్‌స్టర్‌లోనే వున్న కార్క్ నగరంలో ఆట ఇంచుమించు డబ్లిన్‌లో లాగే ఫీజుబడులదీ వృత్తిజీవులదీ. కార్క్ కాన్స్టిట్యూషన్ అనే ప్రసిద్ధ క్లబ్బుకు ఆ పేరు వచ్చింది ఒక యూనియనిస్టు దినపత్రికనుంచి. ఒక ఊరి కూలీల చెమటను చూపించి ఒక ప్రాంతానికంతటికీ ప్రజాస్వామికమనే ముద్ర వెయ్యడం వ్యాపారానికి పనికివస్తుంది, చరిత్రకు పనికిరాదు.

1978 అక్టోబరు 31న లిమరిక్‌లోని థామండ్ పార్కులో మన్‌స్టర్ జట్టు న్యూజీలండు వారి ఆల్ బ్లాక్స్ జట్టును 12–0తో ఓడించింది. ఆ జట్టును మరే ఐరిష్ జట్టూ అంతకుముందు ఓడించలేదు. ఆనాడు మైదానంలో వున్న జనం సుమారు 12 వేలు. ఐతే నేను అక్కడే వున్నాను అని చెప్పుకునేవాళ్ళు లక్షమంది వుంటారని ఐర్లండులో వేళాకోళం. మేళంబండిని వెనక్కి తోలుకుపోయి, జరిగిపోయిన గెలుపును కూడా ఎక్కవచ్చునన్నమాట! నేను వాళ్ళను నిందించను. తమ ఊరి గెలుపులో తామూ వున్నామని చెప్పుకోవాలనే కోరికలో అబద్ధం ఎంతవుందో ఆశ అంతవుంది.

ఆనాటి విజయంలో ముఖ్యుడైన టోనీ వార్డ్‌ను గురించి ఒక మాట చెప్పాలి. 1981లో ఐర్లండు రగ్బీ యూనియన్, ప్రభుత్వం వద్దన్నా వినకుండా, వర్ణవివక్ష రాజ్యమేలుతున్న దక్షిణాఫ్రికాకు జట్టును పంపించింది. వార్డ్, మాస్ కీన్, హ్యూగో మెక్‌నీల్, డానల్ స్ప్రింగ్ వెళ్ళడానికి నిరాకరించారు. ఆటలో రాజకీయాలు వుండకూడదన్న పెద్దల వాదన ఎవరి రాజకీయమో వాళ్ళు నలుగురూ పసిగట్టారు.

చదువు విషయానికి వస్తాను. 1966లో విద్యామంత్రి డానో ఓమాలీ సెకండరీ విద్య ఉచితమని ప్రకటించాడు. 1967నుంచి అది అమలులోకి వచ్చింది. ఓమాలీ లిమరిక్‌వాడు, రగ్బీ ఆటగాడు, క్లాంగోస్‌లో చదివినవాడు. జాయిస్‌ను బయటికి నెట్టిన ఫీజును రద్దుచేసే అవకాశం క్లాంగోస్ పూర్వవిద్యార్థికే దక్కడం ముచ్చటైన సంగతి. ఐతే పథకంలో చేరాలా వద్దా అన్నది బడుల ఇష్టం. అధికసంఖ్యాక బడులు చేరాయి. క్లాంగోస్, బ్లాక్‌రాక్, బెల్వెడేర్ చేరలేదు. ఏడువందలకు పైగా వున్న సెకండరీ బడులలో నేటికీ యాభై మాత్రం ఫీజుబడులు. వాటిలో పంతుళ్ళ జీతాలు అత్యధికభాగం ప్రభుత్వ ఖజానానుంచే పోతాయి. ఆటస్థలాలకూ వ్యాయామశాలలకూ శిక్షకులకూ ఫీజు డబ్బు మిగులుతుంది.

1995లో రగ్బీ జీతాల ఆట అయింది. మొదట ఐరిష్ ఆటగాళ్ళు ఇంగ్లండుకు వలసపోయారు. తర్వాత యూనియన్ తానే జీతాలిచ్చి, వాళ్ళను నాలుగు ప్రాంతాల జట్లలో నిలబెట్టింది. 1999 జనవరిలో అల్‌స్టర్ జట్టు యూరప్ కప్పు గెలిచింది. శాంతి ఒప్పందం జరిగి ఏడాది తిరగకుండానే, బెల్‌ఫాస్టు జట్టుకోసం డబ్లిన్ మైదానం హోరెత్తింది. 2000లోనూ 2002లోనూ ఫైనలులో ఓడిన మన్‌స్టర్ 2006లో, మళ్ళీ 2008లో గెలిచింది. దాని వెంట నడిచినవాళ్ళలో తాతలనాటినుంచి హర్లింగ్ తప్ప వేరు ఆట ఎరగని టిప్పరరీ, క్లేర్ పల్లెలవాళ్ళు ఎందరో. 2006 ఏప్రిల్ 23న సెమీఫైనలులో లెన్‌స్టర్‌ను 30–6తో ఓడించినప్పుడు, లెన్‌స్టర్ రాజధానిలోనే మైదానమంతా మన్‌స్టర్ ఎరుపు. డబ్లిన్ 4 పోస్టల్ జిల్లా పెద్దమనుషులకు అభిమానించడం కూడా చేతకాదని హేళన పుట్టింది. ఆ పెద్దమనుషుల బిడ్డలమీద పాల్ హవర్డ్ 1998నుంచి రాస్తూవచ్చిన రాస్ ఓకారల్-కెలీ వ్యంగ్యరచనలు అప్పటికే ఇంటింటా నవ్వులు పూయిస్తున్నాయి. మూడేళ్ళు తిరిగేసరికి కథ తలకిందులు. 2009 మే 2న లెన్‌స్టర్ 25–6తో బదులు తీర్చుకుంది. చూసినవారు 82,208 మంది. ఈసారి మేళంబండి తిట్టు లెన్‌స్టర్‌వాళ్ళమీద పడింది.

ఆ ఆట జరిగిన చోటు క్రోక్ పార్కు. 1920 నవంబరు 21న బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపి పద్నాలుగురిని బలిగొన్న గేలిక్ సంఘపు మైదానం. 2005లో సంఘం తన నిబంధన సడలించగా, 2007 ఫిబ్రవరిలో అక్కడ రగ్బీ ఆడారు. ఇంగ్లండు రాణి గీతాన్ని జనం నిశ్శబ్దంగా విన్నారు. తర్వాత ఐర్లండు 43–13తో గెలిచింది. బయటి గోడ ఆ విధంగా కూలింది. కూల్చినది గేలిక్ సంఘమే, రగ్బీ పెద్దలు కాదు.

కొనాట్ ఉదంతం మరీ విచిత్రం. 2003లో యూనియన్ పొదుపు పేరుతో ఆ బీద పడమటి ప్రాంతపు జట్టును మూసివెయ్యాలని చూసింది. అభిమానులు డబ్లిన్‌లో ఊరేగింపు తీశారు, జట్టు నిలిచింది. 2016లో అదే కొనాట్ ఎడిన్‌బరో ఫైనలులో లెన్‌స్టర్‌ను 20–10తో ఓడించి లీగు గెలిస్తే, గాల్వేలో కొత్తగా జెండా పట్టినవాళ్ళను గాలివాటం జనమన్నారు. జట్టును మూసేస్తామన్న యూనియన్ పెద్దలను మాత్రం ఎవరూ గాలివాటం అనలేదు.

జనం పెరిగారు, నిజమే. కాని అంతర్జాతీయ పోటీల టిక్కెట్లు చాలాభాగం క్లబ్బుల చేతులమీదుగా పోతాయి. సభ్యుడు కానివాడికి టెలివిజనే మైదానం. జట్టులోకి చూస్తే లెన్‌స్టర్ ఫీజుబడుల పిల్లలదే పైచెయ్యి. వెక్స్‌ఫర్డ్ రైతుబిడ్డ టాడ్గ్ ఫర్లాంగ్, కార్లో కౌంటీ టల్లో పట్టణపు షాన్ ఓబ్రయన్ ఊరి క్లబ్బులనుంచి పైకి వచ్చారు. వాళ్ళ పేర్లను పదేపదే చెప్పుకోవడమే అటువంటివాళ్ళు అరుదని తెలుపుతుంది. గాలరీలో కూర్చునే హక్కు అందరికీ వచ్చింది, బంతి పట్టుకునే తోవ మాత్రం ఇరుకుగానే వుండిపోయింది.

ఆఖరున మళ్ళీ లిమరిక్ సంగతే. 1990–91లో క్లబ్బులమధ్య ఆల్ ఐర్లండ్ లీగు మొదలైంది. తొలి తొమ్మిదేళ్ళూ మన్‌స్టర్ క్లబ్బులే నెగ్గాయి. 1993లో లాన్స్‌డౌన్ రోడ్డు మైదానంలో యంగ్ మన్‌స్టర్, డబ్లిన్ ఫీజుబడి పూర్వవిద్యార్థుల క్లబ్బయిన సెయింట్ మేరీస్‌ను ఓడించి ఛాంపియన్ అయింది. ఆనాడు ఎల్లో రోడ్ జనం డబ్లిన్‌కు తరలిపోయారు. తర్వాత ప్రాంతీయ జట్ల వైభవం పెరిగేకొద్దీ లీగు మైదానాలలో జనం పలచబడ్డారు. ఆ 1993 జట్టులో జెర్ ఎర్ల్స్ ఆడాడు. అతని కొడుకు కీత్, థామండ్ పార్కుకు దగ్గరలోని మోయ్‌రాస్ అనే ప్రభుత్వ గృహాల పేటలో పెరిగాడు. 2023లో ఆట విరమించేనాటికి అతను ఐర్లండు తరఫున 101 పోటీలు ఆడాడు.